హెడర్ మార్చాక మొదలైన టిక్ టిక్: ఇంజిన్ దించాలా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. నా దగ్గర 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్ ఉంది. మా బాబాయి వాడిన బండి, ఆయన దగ్గరే కొన్నాను. కొన్ని నెలల క్రితం 4-2-1 హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్ళే పైపుల సెట్టు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కోన్ ఫిల్టర్ వేయించాను. పికప్ బాగా పెరిగింది. ఈ మధ్య ఇంజిన్‌లో టిక్ టిక్ అని శబ్దం మొదలైంది. పొద్దున స్టార్ట్ చేయగానే గట్టిగా వస్తుంది, వేడెక్కాక తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. రేస్ ఇస్తే శబ్దం వేగం కూడా పెరుగుతుంది. మైలేజ్ పడిపోయింది. ఒక మెకానిక్ టాపెట్లు (వాల్వుల సందు సరిచేసే స్క్రూలు) లూజు అని చెప్పి, ఇంజిన్ వేడి మీద ఉండగానే చెవితో వింటూ టైట్ చేశాడు. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. ఇప్పుడు స్లోలో, అంటే రేస్ ఇవ్వకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, బండి కొద్దిగా వణుకుతోంది కూడా. తర్వాత 20డబ్ల్యూ-50 ఆయిల్ మార్పించి, ఓ అడిటివ్ డబ్బా పోయించాను. ఫలితం లేదు. ఇంకో గ్యారేజీలో ‘బోర్‌కి వచ్చింది (సిలిండర్ లోపలి గోడ అరిగింది), ఇంజిన్ దించాలి, 45 వేలు అవుతుంది’ అంటున్నారు. ఆదివారాలు ఇంట్లోవాళ్ళను తీసుకుని గుళ్ళకీ ఊళ్ళకీ తిరిగే బండి ఇది. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంజిన్ దించమంటారా? హెడర్ పీకేయమంటారా? హెడర్‌కు ముందు ఉన్న కంపెనీ మ్యానిఫోల్డ్ ఇంట్లోనే ఉంది.

సమాధానం: ఇంజిన్ దించకండి. కనీసం ఇప్పుడే వద్దు. ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, ఎక్కడి నుంచి వస్తోందో తెలియని శబ్దం కోసం ఇంజిన్ విప్పించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. విప్పి, బోర్ పని చేయించి, మళ్ళీ బిగించాక కూడా అదే టిక్ టిక్ వినిపిస్తే ఆ బాధ చెప్పనలవి కాదు.

అయితే మీ ఉత్తరం చదివాక నాకు ఆ శబ్దం కన్నా ఎక్కువ కంగారు పుట్టించిన మాట ఇంకొకటి ఉంది. వేడి ఇంజిన్ మీద, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని ఉక్కు ఆకులు) లేకుండా, చెవితో వింటూ టాపెట్లు బిగించారని రాశారు. ఆ తర్వాతే స్లోలో వణుకు మొదలైందని కూడా రాశారు. ఈ రెండూ కలిపి చూస్తే ముందు సరిచేయాల్సింది అదే. అందాకా బండిని ఊరు దాటించకండి. హైవే మీద గట్టిగా అసలే తొక్కకండి.

ఎందుకో చెబుతాను. మీ ఇంజిన్‌లో హైడ్రాలిక్ టాపెట్లు లేవు. వాల్వును తొక్కే మీటలాంటి రాకర్ చివర చిన్న స్క్రూ, దానికో లాక్ నట్ ఉంటాయి. స్క్రూ కొనకూ వాల్వు తలకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి. ఆ సందు వల్ల వచ్చే చిన్న చప్పుడు ఈ ఇంజిన్‌కు సహజం. పాత హోండాల గురించి తెలిసిన మెకానిక్‌లు ‘టాపెట్ కాస్త వినిపిస్తేనే మంచిది’ అంటారు, అది నిజం. సందు పూర్తిగా పోయేలా బిగిస్తే చప్పుడు ఆగుతుంది, దానితోపాటు వాల్వు పూర్తిగా మూసుకోవడం కూడా ఆగుతుంది. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా వదిలేది, మూసుకున్నప్పుడు కూర్చునే సీటుకు ఆనుకుని ఉన్న ఆ కాసేపట్లోనే. సరిగ్గా ఆనకపోతే మండుతున్న గ్యాస్ ఆ సన్నని సందులోంచి దూసుకుపోతూ వాల్వు అంచును కాల్చేస్తుంది. అప్పుడు వాల్వులుండే ఇంజిన్ పైభాగాన్ని, అంటే హెడ్‌ను, దించక తప్పదు. ఇప్పుడు లేని జబ్బును అప్పుడు మనమే తెచ్చుకున్నట్టవుతుంది.

కాబట్టి మొదటి పని టాపెట్లు మళ్ళీ పెట్టించడం. ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉండాలి. హెడ్ ఉష్ణోగ్రత 38 డిగ్రీల లోపు ఉండాలన్నది హోండా నియమం. ఎండాకాలంలో మీ దగ్గర మధ్యాహ్నం గాలే 40 దాటుతుంది, అందుకని రాత్రంతా ఆపి ఉంచిన బండికి తెల్లవారుజామున చేయించండి. గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వైపు 0.18 నుంచి 0.22 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 0.23 నుంచి 0.27. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగుతుంది కాబట్టి దానికి సందు ఎక్కువ. ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ పుల్లీని తిప్పేటప్పుడు చాలా ఇంజిన్లలోలా కాకుండా గడియారం ముళ్ళకు ఎదురు దిశలో తిప్పాలి, ఇది ఈ తరం హోండాల ప్రత్యేకత. రాకర్లను ఆడించే క్యామ్ పుల్లీ మీది గుర్తు పైకి వచ్చినప్పుడు ఒకటో సిలిండర్, అక్కడి నుంచి క్రాంక్‌ను సగం చుట్టు చొప్పున తిప్పుతూ మూడు, నాలుగు, రెండు.

ఫీలర్ గేజ్ ఆకు సందులో పెట్టి లాగినప్పుడు వేళ్ళకు ఒక సన్నని పట్టు తెలియాలి. జారిపోయినట్టు వస్తే లూజు. ఆకు వంగేంత బలం పెట్టాల్సి వస్తే టైటు. ఇంకో మాట, లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితో కాస్త తిరుగుతుంది. అందుకే నట్టు బిగించాక మళ్ళీ గేజ్ పెట్టి చూడాలి. హడావిడిలో చాలామంది ఈ రెండోసారి చూడటం మానేస్తారు. మీరు పక్కనే నిలబడి, ప్రతి వాల్వుకూ చూడమని అడగండి. అడగడంలో మొహమాటం వద్దు.

వాల్వ్ కవర్ తీసినప్పుడే ఇంకొకటి కూడా చూడమనండి. మీది వీటెక్ కాబట్టి ఇన్‌టేక్ వైపు ఒక్కో సిలిండర్‌కు మూడేసి రాకర్లు ఉంటాయి. మామూలు వేగంలో పక్కనున్న రెండే వాల్వులను తొక్కుతాయి. నడిమిది ఉత్తినే పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది, ఇంజిన్ పై వేగానికి వెళ్ళినప్పుడే మిగతా రెండింటితో కలిసి పని చేస్తుంది. అది ఊరికే ఆడే వేళ క్యామ్‌కు ఆనించి ఉంచడానికి దాని కింద స్ప్రింగ్ ఉన్న చిన్న గుండీలాంటి భాగం ఉంటుంది. దాన్ని వేలితో నొక్కితే సాఫీగా దిగి, వదిలితే సాఫీగా పైకి రావాలి. పట్టేసినా నీరసంగా లేచినా అచ్చం టాపెట్ చప్పుడే వస్తుంది. ఎన్నిసార్లు టాపెట్లు పెట్టినా అది పోదు. చాలా గ్యారేజీల్లో దీని వైపు ఎవరూ చూడరు.

టాపెట్లు సరిగ్గా పెట్టాక స్లోలో వణుకు పోవాలి. పోకపోతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ప్రెషర్) చూపించండి. నాలుగు సిలిండర్లూ 135 పీఎస్ఐ పైన ఉండాలి, ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా 28 పీఎస్ఐ దాటకూడదు. ఏదైనా ఒకటి తక్కువ వస్తే ఆ సిలిండర్‌లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగుల వైపు లోపం, పెరగకపోతే వాల్వు వైపు. ‘బోర్‌కి వచ్చింది’ అన్న గ్యారేజీవాళ్ళను కూడా అడగాల్సింది ఈ అంకెలే. బోర్ అరిగిన ఇంజిన్ వెనక నీలం పొగ వదులుతుంది, ఆయిల్ తాగుతుంది, కంప్రెషన్ పడిపోతుంది. మీ ఉత్తరంలో పొగ మాట లేదు, ఆయిల్ తగ్గుతోందన్న మాటా లేదు. వాళ్ళ అనుమానానికి బొత్తిగా ఆధారం లేదని కూడా అనను. పిస్టన్‌కూ బోర్‌కూ మధ్య సందు పెరిగితే పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొట్టుకుని, వేడెక్కాక పిస్టన్ సాగి చప్పుడు తగ్గుతుంది. మీరు చెప్పిన లక్షణంతో అది కలుస్తుంది. కానీ ఆ చప్పుడు కాస్త బోలుగా, బ్లాక్ లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. పైగా అది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పెరిగే జబ్బు. హెడర్ వేసిన కొన్ని నెలలకే ఉన్నట్టుండి మొదలవడం దాని తీరు కాదు.

ఇక అసలు శబ్దం దగ్గరికి వద్దాం. నా అనుమానం మొదటి నుంచీ హెడ్‌కూ హెడర్‌కూ మధ్య ఉండే ప్యాకింగ్ మీదే ఉంది. మాడిఫై చేసిన బండిలో కొత్త శబ్దం వస్తే, చివరగా ఏ భాగం మీద చెయ్యి పడిందో అక్కడే ముందు వెతకాలి. మీరు రాసిన మూడు లక్షణాలూ అక్కడికే వేలు చూపిస్తున్నాయి. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వచ్చి, వేడెక్కాక తగ్గడం ఒకటి. ఇనుము వేడికి సాగి సందు కొంత మూసుకుంటుంది. రేస్‌తో పెరగడం రెండు. మైలేజ్ పడిపోవడం మూడు, దాని సంగతి కింద చెబుతాను.

గ్యాస్ లీకైతే బుస్సుమనాలి గానీ టిక్ టిక్ అనడమేమిటని మీకు అనిపించవచ్చు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న క్షణంలో సిలిండర్‌లో ఇంకా బోలెడు ప్రెషర్ ఉంటుంది. అది ఒక్క దెబ్బగా పైపులోకి వస్తుంది. ఆ దెబ్బ ప్యాకింగ్ దగ్గర సన్నని సందులోంచి బయటికి తన్నినప్పుడు చెవికి లోహం లోహానికి కొట్టుకున్నట్టే వినిపిస్తుంది. స్లోలో ఇంజిన్ నిమిషానికి 720 చుట్లు తిరుగుతోందనుకుంటే, ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి ఎగ్జాస్ట్ వదులుతుంది కాబట్టి సెకనుకు 6 సార్లు. లూజు టాపెట్ కూడా సరిగ్గా అదే లెక్కలో కొడుతుంది. అందుకే అనుభవం ఉన్న చెవి కూడా ఈ రెండింటి దగ్గర పొరపాటు పడుతుంది. మీ మెకానిక్‌ను తప్పుపట్టాల్సింది టాపెట్ అని అనుమానించినందుకు కాదు, గేజ్ పెట్టనందుకు.

ఇప్పుడు పరీక్షలు. మొదటిది ఖర్చు లేనిది. బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి టార్చ్ వేసి చూడండి. మీ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ ముందు వైపు, రేడియేటర్ పక్కన ఉంటుంది కాబట్టి కనిపించడం సులువు. హెడర్ ఫ్లాంజ్ (పైపులను హెడ్‌కు బిగించే పలక) హెడ్‌కు ఆనిన గీత వెంబడి నెమ్మదిగా చూపు జరపండి. లీకు ఉన్న చోట అల్యూమినియం మీద నల్లటి మసి ఉంటుంది. సందు దగ్గర సన్నగా మొదలై విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. వేలితో తుడిస్తే పొడిగా, నల్లగా అంటుతుంది. ఆయిల్ మరక అయితే జిడ్డుగా ఉంటుంది, తేడా వెంటనే తెలుస్తుంది. నాలుగు పైపులూ కలిసే చోట వెల్డింగులను కూడా అలాగే చూడండి.

మసి కనిపించకపోతే సర్ఫ్ నీళ్ళు. ఇల్లు దులిపే వాక్యూమ్ క్లీనర్‌కు గాలి ఊదే వైపు ఉంటే దాని పైపును సైలెన్సర్ చివర గుడ్డ చుట్టి పెట్టి ఆన్ చేయండి. ఇంజిన్ ఆపే ఉండాలి, చల్లగానే ఉండాలి. స్ప్రే సీసాలో సర్ఫ్ నీళ్ళు పోసి ప్యాకింగ్ చుట్టూ, వెల్డింగుల మీద, ఆక్సిజన్ సెన్సర్ మొదట్లో కొట్టండి. లీకు ఉన్న చోట బుడగలు లేస్తాయి. ట్యూబ్ పంచర్ చూసే పద్ధతే.

మూడోది, పొద్దున స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే చేయాల్సింది. ఒకరు మడతలు పెట్టిన మందపాటి గుడ్డతో సైలెన్సర్ చివర కొన్ని సెకన్లు పాక్షికంగా మూయాలి, చేతికి గ్లవ్ ఉండాలి. ఇంకొకరు ముందు నిలబడి వినాలి. టిక్ టిక్ గట్టిపడినా బుస్‌గా మారినా లీకు ఖాయం. టాపెట్ అయితే వెనక ఎవరు ఏం మూసినా దానికి పట్టదు. ఇది ఆరుబయటే చేయండి, షెడ్డులో వద్దు. ఇంజిన్ నడుస్తుండగా బానెట్ కింద వంగేవాళ్ళ ఒంటి మీద కండువా, వేలాడే చున్నీ ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది.

ఏ సిలిండర్ దగ్గర లీకో తేల్చడానికి, స్లోలో ఉండగా ఇంజెక్టర్ కనెక్టర్లను ఒక్కొక్కటే ఊడదీసి పెట్టి చూడమనండి. ప్లగ్ వైర్లు మాత్రం లాగనివ్వకండి, షాక్ కొడుతుంది, కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోతుంది. ఒక ఇంజెక్టర్ తీసినప్పుడు శబ్దం బాగా పడిపోతే ఆ సిలిండర్ దగ్గరే లీకు. నాలుగింటిలో ఏది తీసినా శబ్దం ఏమీ మారకపోతే టాపెట్, రాకర్ వైపు చూడాలి. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగు శబ్దం కూడా ఇలా తీసినప్పుడు తగ్గుతుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకూడదు.

అందుకే నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకోటి ఉంది. మీ బండికి డిస్ట్రిబ్యూటర్, ప్లగ్ వైర్లు ఉన్నాయి కాబట్టి ఇది కుదురుతుంది. పాత మెకానిక్‌ల దగ్గర టైమింగ్ లైట్ ఉంటుంది. దాని క్లిప్పు ఒకటో ప్లగ్ వైరుకు తగిలిస్తే క్రాంక్ రెండు చుట్లు తిరిగినప్పుడల్లా ఒకసారి మెరుస్తుంది. చూస్తూ వినండి. మెరుపుకు ఒక టిక్ చొప్పున పడుతుంటే అది క్యామ్ వేగంలో నడిచే శబ్దం, అంటే టాపెట్ కావచ్చు, ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ లీకు కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. మెరుపుకు రెండు టిక్కులు పడుతుంటే క్రాంక్ వేగం, అప్పుడు కింది భాగాన్ని అనుమానించాలి. ఇంజిన్ దించాలా వద్దా అన్న ప్రశ్నకు ఇంత తక్కువ శ్రమతో దారి చూపే పరీక్ష ఇంకోటి లేదు.

కనెక్టింగ్ రాడ్ బేరింగ్ భయం ఉంటే దాని గుర్తులు ఇవి. శబ్దం టిక్ అని సన్నగా ఉండదు, బరువుగా ‘డక్ డక్’ మంటుంది. వేడెక్కి ఆయిల్ పలచబడే కొద్దీ పెరుగుతుంది, తగ్గదు. రేస్ ఇచ్చి వదిలేటప్పుడు బాగా తెలుస్తుంది. మీరు చెప్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. అయినా మనసులో అనుమానం మిగిలితే ఆయిల్ ప్రెషర్ గేజ్ తగిలించి చూపించండి. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో కనీసం 10 పీఎస్ఐ, 3000 ఆర్‌పీఎం దగ్గర 50 పీఎస్ఐ ఉంటే ఆయిల్ వ్యవస్థ బాగున్నట్టే. వేడి మీద స్లోలో ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమంటే మాత్రం ఇంకో కిలోమీటరు కూడా నడపకుండా తోయించుకుని వెళ్ళండి.

కోన్ ఫిల్టర్ గురించి కూడా ఒక మాట. ఒరిజినల్ ఎయిర్ బాక్స్ గాలిని వడకట్టడమే కాక చాలా చప్పుళ్ళను మింగేస్తుంది. అది తీసేశాక ఎప్పటి నుంచో ఉన్న ఇంజెక్టర్ల టిక్ టిక్ కొత్తగా వినిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజెక్టర్ మీద ఆనించి పిడిని చెవికి పెట్టుకుంటే అది తేలిపోతుంది. అది సన్నగా, ఒకే తీరుగా, చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా మారకుండా ఉంటుంది. ప్లగ్ లూజుగా ఉన్నా టిక్ వస్తుంది, కాబట్టి నాలుగు ప్లగ్గులూ 18 న్యూటన్ మీటర్లకు బిగించి ఉన్నాయో లేదో చూస్తే ఆ సందేహమూ తీరుతుంది. హీట్ షీల్డ్ వదులైతే చేత్తో తట్టినా తెలిసిపోతుంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తట్టండి.

ఇప్పుడు మైలేజ్. ప్యాకింగ్ దగ్గర సందు ఉంటే గ్యాస్ బయటికి రావడమే కాదు, రెండు దెబ్బల మధ్య పైపులో ప్రెషర్ పడినప్పుడు బయటి గాలి లోపలికి కూడా పీల్చుకుంటుంది. కింద ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌కు ఆ గాలి తగిలి ‘పెట్రోలు తక్కువవుతోంది’ అని ఇంజిన్ కంప్యూటరైన ఈసీయూకు తప్పు కబురు పంపుతుంది. ఈసీయూ అది నమ్మి పెట్రోలు పెంచుతుంది. మీ మైలేజ్ అక్కడికి పోతుండవచ్చు. చాలాచోట్ల ఈ దశలో సెన్సర్ పోయిందని కొత్తది అమ్ముతారు. లీకు ఆపకుండా సెన్సర్ మార్చితే కొత్తదీ అదే తప్పు చెబుతుంది.

లీకు తేలితే చేయాల్సిన పని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం సగం చేస్తే అది మళ్ళీ వస్తుంది. హెడర్ దించి దాని ఫ్లాంజ్ మీద నిలువుగా స్టీలు స్కేలు పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. బయట తయారైన హెడర్లలో ఫ్లాంజ్ పలచగా ఉంటే వెల్డింగ్ వేడికే వంకర పోతుంది. అప్పుడు ఎంత బిగించినా నడిమి భాగమో అంచులో లేచే ఉంటాయి. వంకర ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించాలి, అది పెద్ద ఖర్చు కాదు. ప్యాకింగ్ పాతది వాడొద్దు. కాగితంలా మెత్తగా ఉండేది కాకుండా ఒరిజినల్ స్టీలు ప్యాకింగ్ తెప్పించండి. సిలికాన్ పేస్టు పూసి గట్టెక్కిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఆ వేడికి అది నిలవదు.

నట్లు ఎక్కడ ఆనుతున్నాయో మీ కళ్ళతో చూడండి. హెడర్ పైపు స్టడ్‌కు మరీ దగ్గరగా వచ్చిన చోట నట్టు ఫ్లాంజ్ మీద కాకుండా పైపు వెల్డింగ్ ఉబ్బు మీద ఆని ఆగిపోతుంది. పాన పెడితే బిగువుగానే ఉంటుంది, కానీ ఫ్లాంజ్‌ను నొక్కదు. పైనుంచి చూస్తే నట్టు కింద ఒక పక్క వెలుతురు కనిపిస్తుంది. అలాంటి చోట ఆ ఉబ్బును గ్రైండ్ చేసి, వాషర్ చదునుగా కూర్చునేలా చేసుకోవాలి. స్టడ్ల మరలు పోయి ఉంటే కొత్తవి వేయండి. హెడ్ అల్యూమినియం కాబట్టి మరలు హెడ్‌లోనే చెడితే హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగచుట్ట) వేయించాలి. నట్లు నడిమి నుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో 31 న్యూటన్ మీటర్లకు బిగించాలి. కొన్ని రోజులు నడిపాక, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మరోసారి చూపించండి. ఈ చివరి పని చేయించకే చాలా హెడర్లు మళ్ళీ లీకవుతాయి.

ప్యాకింగ్ ఎందుకు వదిలిందన్నది కూడా తెలుసుకోండి. మీ ఇంజిన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది, రేస్ ఇచ్చినప్పుడల్లా మౌంటింగుల మీద ముందుకూ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊగును తట్టుకోవడానికే ఒరిజినల్‌లో కింద స్ప్రింగ్ బోల్టుల జాయింటు ఉంటుంది, పైపును ఇంజిన్‌కు పట్టి ఉంచే బ్రాకెట్టు ఉంటుంది. హెడర్ వేసేటప్పుడు ఆ జాయింటును వెల్డింగ్‌తో కలిపేసినా, బ్రాకెట్టు వదిలేసినా ఊగిన బరువంతా హెడ్ దగ్గరి ప్యాకింగ్ మీద పడుతుంది. కొన్నాళ్ళకు అక్కడ వదులవుతుంది, లేదా పైపులు కలిసే చోట పగులుతుంది. మీ బండి కింద ఇది ఎలా చేశారో చూపించండి. ఇంజిన్ మౌంటింగులు చచ్చిపోయి ఉంటే అవీ మార్చాల్సిందే, 2002 బండికి అది అసాధారణమేమీ కాదు.

హెడర్ పీకేయాలా అని అడిగారు. పాత మ్యానిఫోల్డ్ ఇంట్లో ఉంది కాబట్టి మీకు చాలామందికి లేని వెసులుబాటు ఉంది. పై పరీక్షల్లో ఏదీ తేలకపోతే, కొత్త ప్యాకింగ్‌తో పాత మ్యానిఫోల్డ్ వేసి మర్నాడు పొద్దున స్టార్ట్ చేయండి. శబ్దం పోతే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత హెడర్ బాగుచేయించి మళ్ళీ వేసుకుంటారో, పాతదే ఉంచుకుంటారో మీ ఇష్టం. ఆ రోజుల్లో 106 బీహెచ్‌పీ ఇచ్చిన ఈ ఇంజిన్‌ను, 2003లో తర్వాతి తరం ‘డాల్ఫిన్’ సిటీ వచ్చాక కూడా వదలని వాళ్ళు ఎంతమందో. దాన్ని ప్రేమించి హెడర్ వేసుకోవడంలో తప్పేమీ లేదు. సరిగ్గా కూర్చోబెట్టాలి, అంతే. నన్నడిగితే ఇంట్లోవాళ్ళతో తిరిగే బండికి ఒరిజినల్ మ్యానిఫోల్డే సుఖం.

ఆ ఇంట్లోవాళ్ళ మాటకే వస్తున్నాను. ముందు వైపు లీకయ్యే ఎగ్జాస్ట్ గ్యాస్ బానెట్ కింద చేరి, అద్దం దిగువనున్న గాలి దారిలోంచి క్యాబిన్‌లోకి వెళ్ళగలదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. ప్రయాణంలో పిల్లలకు తలనొప్పి, వికారం వస్తున్నాయంటే బండి పడలేదనుకుని ఊరుకోకండి. లీకు ఆపేదాకా అద్దాలు కాస్త దించి నడపండి. బండి ఆపి ఏసీ వేసుకుని లోపల పడుకోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు.

15 ఏళ్ళు దాటిన బండి కనుక ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ చూస్తారు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందకు వస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. మీ ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పాతదాని కన్నా గట్టిగా అరుస్తుంటే దారిలో చలానా వేరు. పాత మ్యానిఫోల్డ్‌తోపాటు పాత సైలెన్సర్‌నూ పారేయకండి.

ఆయిల్ సంగతి. అడిటివ్ డబ్బాలు హైడ్రాలిక్ టాపెట్లున్న ఇంజిన్లలో ఎప్పుడైనా కొంత పనికొస్తాయేమో గానీ, స్క్రూ టాపెట్ సందును ఏ ద్రవమూ సరిచేయదు, ప్యాకింగ్ లీకును అసలే చేయదు. 20డబ్ల్యూ-50 చిక్కదనం శబ్దాన్ని కాస్త కప్పిపెట్టి మనల్ని మోసం చేస్తుంది. మీ వీటెక్ పని చేసేది ఆయిల్ ప్రెషర్ మీద, సన్నని దారుల గుండా. టాపెట్లు పెట్టించిన రోజే ఆ ఆయిల్ దింపేసి 10డబ్ల్యూ-30 పోయించండి, ఫిల్టర్ ఒరిజినల్‌దే వేయించండి. చవకరకం ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు సరిగ్గా ఉండదు, రాత్రికి పైభాగం ఎండిపోయి పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడును కూడా కలుపుకుని విన్నారంటే మీ పరీక్షలన్నీ తారుమారవుతాయి. కాబట్టి ముందు టాపెట్లు, ఆయిల్, ఫిల్టర్. ఆ మర్నాడు పొద్దున సర్ఫ్ నీళ్ళు, టైమింగ్ లైట్. మెరుపుకు ఎన్ని టిక్కులు పడ్డాయో, మసి ఎన్నో సిలిండర్ దగ్గర కనిపించిందో రాయండి, అక్కడి నుంచి ముందుకు చూద్దాం.